పంది మాంసానికి పొడి మసాలా కలిపితే ఉప్పగా, చేదుగా, నల్లగా వచ్చింది. ఎక్కడ తప్పింది?

డాబామీద_దావత్:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ. మా అన్న అమెరికాలో ఉంటాడు, అక్కడ ఎండలు మొదలైతే చాలు ప్రతి వీకెండ్ పెరట్లో పంది మాంసం పొగ మీద పెట్టి ఫొటోలు పంపిస్తుంటాడు. ముక్క మీద ఎరుపూ నలుపూ కలిసిన పొర ఒకటి గట్టిగా కట్టి ఉంటది, అది చూసీ చూసీ ఆగలేక "ఆ పైన పూసే పొడి ఎట్ల చేస్తవో రాసి పంపు" అన్నాను. ఏడు పౌన్ల ముక్కకు, అంటే మూడు కిలోల పైచిలుకుకు, కొలతలు పంపించాడు. పావు కప్పు కోషర్ సాల్ట్, పావు కప్పు బ్రౌన్ షుగర్, పావు కప్పు పాప్రికా, 3 పెద్ద చెంచాల చిల్లీ పౌడర్, ఇంకా మిరియాలు, జీలకర్ర, గార్లిక్ పౌడర్, ఆనియన్ పౌడర్, కొంచెం ఒరెగానో.

నాకు దొరికింది కిలోన్నర మాంసం కాబట్టి అన్నీ సగం చేశాను. కోషర్ సాల్ట్ అంటే కిరాణా షాపాయన నన్ను వింతగా చూశాడు, సరే ఉప్పు ఉప్పే కదా అని మామూలు ఉప్పు వేశాను. పాప్రికా బదులు కారం. చిల్లీ పౌడర్ అంటే ఎలాగూ కారమే, కాబట్టి అదీ కారమే. ఇంట్లో ఏడాదికి సరిపడా గిర్నిలో పట్టించి పెట్టిన, బాగా ఘాటుండే తేజ రకం మిర్చి కారం, అమ్మ చూడకుండా డబ్బాలోంచి తెచ్చింది. బ్రౌన్ షుగర్ దొరక్క బెల్లం తురిమాను. గార్లిక్ పౌడర్ లేదు, అల్లం ఎల్లిగడ్డ పేస్ట్ రెండు చెంచాలు వేశాను. ఆనియన్ పౌడర్, ఒరెగానో సంగతి వదిలేశాను. మా ఇంట్లో పంది మాంసం గడప దాటనివ్వరు, నానమ్మకు తెలిస్తే నన్ను కూడా దాటనివ్వదు, అందుకని వంట మొత్తం దోస్తు రూమ్ డాబా మీద. నాలుగు ఇటుకలు, ఇనుప జాలీ, కింద బొగ్గులు.

పదిహేను నిమిషాలకే పైన మాడిపోయింది. కోసి చూస్తే లోపల ఇంకా గులాబీ రంగు. మళ్లీ పెట్టాం, పైన ఇంకా మాడింది, లోపల మాత్రం అట్లనే. చివరికి పైపొర చెక్కేసి, మిగిలింది గిన్నెలో వేసి ఉడికించి తిన్నాం. ముందు ఉప్పు తగిలింది, తర్వాత చేదు, ఆ తర్వాత కారం. ఒకడైతే పెరుగు డబ్బా నోటికి ఎత్తుకున్నాడు. అన్నకు ఫోన్ చేస్తే "నేను చెప్పినట్లు చేసి ఉండవు" అంటున్నాడు. చెప్పినట్లే చేసిన కదా?

ఈ పొడి ఇక్కడ దొరికే వాటితో సరిగ్గా ఎలా చేయాలో ఎవరైనా చెప్పండి. "పంది మాంసం ఎందుకు బ్రో, చికెన్ తిను" అనేవాళ్లు దయచేసి రాయకండి.

ఎనుమాముల_ఎండుమిర్చి:

తమ్మీ, నువ్వు చేసిన మొదటి తప్పు నీ తప్పు కాదు, పేరుది. అమెరికాలో చిల్లీ పౌడర్ అని అమ్మేది ఒట్టి మిరప పొడి కాదు. అది మసాలా. తక్కువ ఘాటున్న మిరప పొడిలో జీలకర్ర, ఒరెగానో, ఎల్లిగడ్డ పొడి కలిపి డబ్బాలో పోస్తారు, కొన్నింట్లో ఉప్పు కూడా ఉంటది. ఇక పాప్రికా అంటే రంగు కోసం వేసేది, దాంట్లో కారం దాదాపు ఉండదు. ఈ రెండింటి స్థానంలో నువ్వు తేజ వేశావు. సగం చేసినా మూడున్నర పెద్ద చెంచాలు అవుతది. కిలోన్నర మాంసానికి అంత తేజ కారమంటే ఆ పెరుగు డబ్బా ఎత్తుకున్నోడిని మెచ్చుకోవాలి.

పాప్రికా కోసం ఎక్కడికో పోవాల్సిన పని లేదు, వరంగల్‌లో కూర్చొని దాని కోసం వెతకడం కాకతీయ కాలువ గట్టు మీద నిలబడి నీళ్ల బాటిల్ కొన్నట్టు ఉంటది. మన చపాట మిర్చి ఉంది కదా, టమాట మిర్చి అంటారు చూడు, గుండ్రంగా లావుగా ఉంటది. రంగు బాగా దిగుతది, కారం చాలా తక్కువ. పచ్చళ్లలో రంగు కోసం వాడేది అదే. 2025లో దానికి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, వరంగల్ చపాట మిర్చి పేరుతోనే. వరంగల్, హన్మకొండ, ములుగు, భూపాలపల్లి వైపు పండిస్తారు. సంక్రాంతి దాటినంక మార్కెట్ యార్డుకు కొత్త సరుకు రావడం మొదలవుతది. యార్డులో బస్తాల లెక్క కాబట్టి నీకు కిలో రెండు కిలోలు ఎవరూ తూచి ఇయ్యరు, తెలిసిన రైతు దగ్గరో, ఎండుమిర్చి విడిగా అమ్మే షాపులోనో అడుగు. పొడి కొనకు, కాయ కొను. పొడిలో ఏం కలిసిందో కొనేవాడికి ఎట్ల తెలుస్తది.

తొడిమెలు తీసి, గింజలు కొన్ని దులిపేసి, ఒక రోజు ఎండలో పెట్టి మిక్సీ పట్టు. ఘాటు కావాలంటే నాలుగు వంతుల చపాటకు ఒక వంతు తేజ కలుపు, అంతకు మించి వద్దు.

ఇంకో ముచ్చట. స్పెయిన్ వాళ్లు ఒక రకం పాప్రికాను ఓక్ కట్టెల పొగ మీద ఎండబెట్టి చేస్తారు, ఆ పొగ వాసన కోసమే జనం దాన్ని కొంటారు. నేను చపాటతో అట్ల చేసి చూసిన. పొడి పట్టే ముందు కాయలు జల్లెడలో పోసి, నిప్పులు బాగా సల్లబడ్డ తుమ్మ బొగ్గుల మీద కొంచెం వరిపొట్టు చల్లి, ఆ పొగకు అరగంట పెట్టిన. జల్లెడ ఎత్తుగా ఉండాలె, లేకపోతే కాయ మాడుతది, ఇల్లంతా దగ్గు. పొడి మూత తీస్తే చాలు, వాసనకే ఆకలి అయితది. మా ఆవిడ ఆ జల్లెడను మళ్లీ పిండికి వాడనివ్వలేదు అనుకో, అది వేరే సంగతి.

తూకంరాయి:

చిల్లీ పౌడర్ సంగతి పై అన్న చెప్పారు. నేను ఉప్పు గురించి చెప్తాను, ఎందుకంటే నేనూ ఇదే గోతిలో పడ్డవాణ్ణే.

కోషర్ సాల్ట్ అంటే పెద్ద పెద్ద రేకుల్లాగా ఉండే ఉప్పు. చెంచాలో పోస్తే రేకుల మధ్య ఖాళీ ఎక్కువ ఉంటుంది. అక్కడ ఎక్కువ మంది వాడే రకం ఒక పెద్ద చెంచా తూస్తే 9 గ్రాములు కూడా రాదు. మన ప్యాకెట్ మెత్తటి ఉప్పు అదే చెంచాకు 18 గ్రాములు. అంటే చెంచా లెక్కన చూస్తే నువ్వు కొలత తప్పలేదు, తూకం లెక్కన చూస్తే రెట్టింపు పైనే వేశావు. కిలోన్నరకు 36 గ్రాములు. నీకు కావాల్సింది 18. అందుకే ఇలాంటి వాటికి చెంచాలు కప్పులు వదిలేసి చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. కిలో మాంసానికి 12 గ్రాముల ఉప్పు, బొక్కలు ఎక్కువ ఉంటే 10. ఇది ఒక్కటి గుర్తుంటే మిగతా మసాలా కొంచెం అటూ ఇటూ అయినా తినగలుగుతావు.

ఉప్పును మసాలా డబ్బాలో కలపకు. విడిగా ఉంచు. మాంసం లోపలికి దిగేది ఉప్పు ఒక్కటే, అది కూడా నెమ్మదిగా. కారం, జీలకర్ర, మిరియాలు ఎన్ని గంటలు పట్టించినా పైన రెండు మూడు మిల్లీమీటర్లు దాటవు. కాబట్టి ముందు రోజు రాత్రి ఉప్పు మాత్రం పూసి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు. మొదట నీళ్లు ఊరుతాయి, కంగారు పడకు, తెల్లారేసరికి ఆ నీళ్లను మాంసం మళ్లీ పీల్చుకుంటుంది, పైభాగం ఆరిపోతుంది. ఆ ఆరిన దాని మీద పొడి పూస్తే పట్టుకుంటుంది.

ఇక్కడే నీ అల్లం ఎల్లిగడ్డ పేస్ట్ కొంప ముంచింది. పేస్ట్ అంటే సగానికి పైగా నీళ్లు. పైన తడి ఉన్నంతసేపు పొర కట్టదు, తడి పోయాక అందులోని ఎల్లిగడ్డ అన్నింటికంటే ముందు మాడుతుంది. కూరకు పేస్ట్ బాగుంటుంది, అక్కడ నూనె ఉంది, గ్రేవీ ఉంది. దీనికి అన్నీ పొడిగానే ఉండాలి.

బెల్లం తప్పు కాదు, మంట తప్పు. 170 డిగ్రీల దగ్గర చక్కెర రంగు మారడం మొదలై ఆ పైన చేదెక్కుతుంది. నిప్పుల మీద నేరుగా పెడితే 200 ఎప్పుడో దాటిపోతుంది. మీ అన్న వాళ్లు దాన్ని పొగ మీద 110, 120 డిగ్రీల్లో గంటల తరబడి పెడతారు, అందుకే పావు కప్పు చక్కెర వేసినా మాడదు. ఆ మాట మీ అన్న రాయలేదు, ఎందుకంటే అక్కడ అందరికీ తెలిసిందే అనుకొని ఉంటాడు. జాలీ మీద చేసేటప్పుడు బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టు, మాంసం రెండో పక్కన పెట్టు, పైన పెద్ద గంజు గిన్నె ఒకటి బోర్లించు. గాలి ఆడడానికి కింద ఒక ఇటుక సందు వదులు. ముప్పై నలభై నిమిషాలకు ఒకసారి నాలుగు బొగ్గులు వేస్తూ ఉండు. కిలో ముక్కకు రెండున్నర గంటలు పడుతుంది. ఓపిక లేదంటే బెల్లం పూర్తిగా మానేయ్.

మంచిర్యాల_వంటగది:

నేను పంది మాంసం తినను, మా ఆయన, పిల్లలు తింటారు, కాబట్టి పొడి చేసేది నేను, కాల్చేది వాళ్లు. తమ్ముడూ, నువ్వు అన్న పంపిన చీటీ పక్కన పెట్టు. మన డబ్బాల్లో ఉన్నవాటితో ఇలా చేసుకో.

కిలో మాంసానికి చెప్తున్నాను. చపాట కారం 15 గ్రాములు, ధనియాలు 5, మిరియాలు 5, ఎల్లిగడ్డ పొడి 5, జీలకర్ర 3, ఆవాలు 2, శొంఠి 2, బెల్లం పొడి 8. అన్నీ కలిపి 45 గ్రాములు వస్తుంది, ఆ ముక్కకు ఉప్పు కాకుండా అంత సరిపోతుంది. ఒరెగానో కోసం తిరగొద్దు, వాము రెండు చిటికెలు నలిపి వెయ్. ఒరెగానోలో, తైమ్ ఆకులో వచ్చే ఆ వాసన వాములో కూడా ఉంటుంది, కాకపోతే ఘాటు ఎక్కువ కాబట్టి చేయి జారితే మందులాగా అవుతుంది. గరం మసాలా దినుసులు అన్నీ పొయ్యకు. లవంగం ఒకటి, చిన్న దాల్చినచెక్క ముక్క, చాలు. మా తోటికోడలు ఒకసారి ఇలాచీ, సాజీర, జాపత్రి అన్నీ వేసి చేసింది, బిర్యానీ బూడిద తిన్నట్లు ఉందని మా ఆయన ఇప్పటికీ చెప్తాడు.

ధనియాలు, జీలకర్ర వేయించాలి కానీ కూర పొడికి వేయించినంత కాదు. వేడెక్కి వాసన రాగానే దించెయ్, ఎందుకంటే అవి మళ్లీ నిప్పు మీదకు పోతాయి కదా. కారం అసలే వేయించకు. చల్లారాకే మిక్సీలో వెయ్, వేడి మీద పడితే ఆవిరికి ముద్ద కడుతుంది. మిరియాలు, ధనియాలు బరకగా ఉంచు, రోట్లో నాలుగు పోట్లు వేస్తే ఇంకా మంచిది. కాలిన తర్వాత పంటికి తగిలేవి అవే. మిగతావి మెత్తగా.

ఎల్లిగడ్డ పొడి షాపులో దొరుకుతుంది, కానీ ఇంట్లో చేసింది వేరే. ఎండాకాలంలో రెబ్బలు పల్చగా కోసి, పాత చీర మీద ఆరబోసి, మూడు నాలుగు రోజులు ఎండనిస్తే విరిస్తే టక్కున విరుగుతాయి. విరగకుండా వంగితే ఇంకా ఎండాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకు, బూజు పడుతుంది. ఉల్లిగడ్డ కూడా అంతే కానీ దానికి ఇంకో రెండు రోజులు ఎక్కువ పడుతుంది, నాకైతే అంత కష్టానికి తగ్గ రుచి కనిపించలేదు.

బెల్లం తురిమితే తడి తడిగా ఉంటుంది, పొడిని గట్టి ముద్దగా చేస్తుంది. పొడి బెల్లం ప్యాకెట్ తెచ్చుకొని, పళ్లెంలో పల్చగా పోసి ఫ్యాన్ కింద పూట ఆరబెట్టి కలుపు. డబ్బాలో కలిపి దాచకుండా, పూసే రోజు కలుపుకుంటే ఇంకా నయం. మీ ఇంట్లో మేడారం జాతర నుంచి తెచ్చిన బంగారం, అదే సమ్మక్క సారలమ్మల ప్రసాదం బెల్లం, ఉంటే మాత్రం దాని జోలికి పోకు, ముందే చెప్తున్నా. అమ్మవార్ల ప్రసాదం పందికి పూసినవని తెలిస్తే మీ నానమ్మ నిన్ను ఈసారి డాబా మీద కూడా ఉండనివ్వదు.

కాజీపేట_జంక్షన్:

మసాలా గురించి అందరూ చెప్పారు, మాంసం గురించి ఎవరూ మాట్లాడలేదు. మా ఇంట్లో క్రిస్మస్‌కు పంది మాంసం లేకుండా ఏనాడూ లేదు కాబట్టి నాలుగు మాటలు.

షాపులో ఏమీ చెప్పకపోతే వాళ్లు అలవాటు ప్రకారం కూర ముక్కలు కొట్టి ఇస్తారు. ఈ పొడికి కూర ముక్కలు పనికిరావు. "ముక్కలు కొట్టకన్నా, భుజం వైపు ఒకే ముక్క ఇవ్వు" అని ముందే చెప్పు. తొడ ముక్క ఎండిపోతుంది, భుజంలో కొవ్వు మధ్య మధ్యలో ఉంటుంది. పక్కటెముకలు పట్టీలాగా ఇస్తే అదీ బాగుంటుంది, అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్లో పక్కటెముకలకు సాస్ ఏమీ లేకుండా ఈ పొడి ఒక్కటే పూసి తినడం బాగా పేరున్న పద్ధతి. ఇక్కడ వెంట్రుకలు కాల్చి తోలుతోనే అమ్ముతారు. తోలు మీద పూసిన పొడి పూసినట్టే రాలిపోతుంది, లోపలికి ఉప్పు కూడా దిగదు. తోలు తీయించు.

ఇప్పుడు ముఖ్యమైనది. లోపల గులాబీ రంగు ఉంటే మళ్లీ పెట్టాం అన్నావు, మంచి పని చేశావు. ఊళ్లో తిరిగే పందుల మాంసంలో బద్దె పురుగు తిత్తులు ఉండొచ్చు. కోసినప్పుడు కండలో బియ్యపు గింజల్లాగా తెల్లగా కనిపిస్తే ఆ మాంసం తినకు, ఎంత చవక అయినా. దొడ్లో దాణా వేసి పెంచిన సీమపంది దొరికితే అదే కొను. అమెరికా వాళ్లు పెద్ద ముక్కలకు లోపల 63 డిగ్రీలు వచ్చి మూడు నిమిషాలు ఆగితే చాలంటారు, అది అక్కడి ఫారం పందులకు. ఇక్కడ నేను 75 దాటనిదే దించను. భుజం ముక్కకు అయితే ఎలాగూ 90 దాకా పోవాలి, అప్పుడుగానీ లోపలి నరాలు, జిగురు కరిగి మెత్తబడదు. గుచ్చి చూసే థర్మామీటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, బొగ్గుల ఖర్చు కంటే దాని ఖర్చు ఎక్కువేం కాదు.

పచ్చి మాంసం పట్టుకున్న చెయ్యి పొడి డబ్బాలో పెట్టకు. కావాల్సినంత వేరే గిన్నెలోకి తీసుకో, మిగిలింది పారేయ్.

చుక్కకూర_పప్పు:

ఇంత తతంగం అవసరమా? మన పద్ధతిలో పసుపు, ఉప్పు, అల్లం ఎల్లిగడ్డ పట్టించి, కుక్కర్‌లో నాలుగు విజిల్స్, తర్వాత ధనియాల కారంతో ఇగురు పెడితే ఏ అమెరికా పనికొస్తుంది. కాటా, థర్మామీటర్, గంజు బోర్లించడం. ఇది వంటా, ల్యాబ్ పరీక్షా?

తూకంరాయి:

ఇగురు బాగుండదని ఎవరన్నారు అన్నా. అతను అడిగింది ఇగురు కాదు.

మంచిర్యాల_వంటగది:

చుక్కకూర గారు ఇగురు అనగానే ఒకటి గుర్తొచ్చింది. కొవ్వు మాంసానికి పులుపు కావాలి. కూర్గు వాళ్లు పంది కూరకు జీలకర్ర, మిరియాలు, ఆవాలు నల్లబడేదాకా వేయించి పొడి కొట్టి, చివర్లో కాచంపులి అనే నల్లటి పులుపు పోస్తారు. మన పొడిలో ఆ పులుపు లేదు. మామిడి ఒరుగులు ఉంటే 3 గ్రాములు పొడి కొట్టి కలుపు, లేకపోతే తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోండి. నేను పైన రాయడం మర్చిపోయాను.

డాబామీద_దావత్:

పదిహేను రోజుల తర్వాత వచ్చాను, ఆలస్యానికి సారీ. చపాట కాయలు ములుగు వైపు దోస్తు వాళ్ల మామ పంపించాడు, అర కిలో అడిగితే మూడు కిలోలు వచ్చాయి. పొగ పెట్టే ధైర్యం చేయలేదు, పక్క బిల్డింగ్ ఆంటీ మొన్నటి పొగకే ఓనర్‌కు చెప్పింది. ఎల్లిగడ్డ పొడి షాపుదే.

ఈసారి కిలో 200 గ్రాముల భుజం ముక్క. దోస్తు ఫ్రిజ్ మీద మిగతా ఇద్దరు రూమ్మేట్లకు అభ్యంతరం ఉంది, ఒక రాత్రికి చికెన్ బిర్యానీ లంచం ఇచ్చి ఒప్పించాను. ఉప్పు 14 గ్రాములు. పొద్దున చూస్తే నిజంగానే పైన ఆరిపోయి ఉంది. పొడి పూసి, గంజు బోర్లించి, మొదటి గంటలో పదిసార్లు ఎత్తి చూశాను, ప్రతిసారీ వేడి అంతా పోయేది, అందుకే రెండున్నర గంటలు అనుకున్నది మూడుంబావు పట్టింది. థర్మామీటర్ 88 చూపించగానే దించేశాం, ఇక ఆగలేకపోయాం.

పొర కట్టింది. అన్న ఫొటోల్లో ఉన్నంత నల్లగా లేదు, ఇటుక రంగులో ఉంది, గోటితో కొడితే టక్ మంటది. ఉప్పు సరిపోయింది. మామిడి ఒరుగు పొడి వల్ల అనుకుంటా, కొవ్వు ముక్క తిన్నా వెగటు రాలేదు. కారం మాత్రం తక్కువైందని అందరూ అన్నారు, వచ్చేసారి తేజ ఒక చిన్న చెంచా కలుపుతా. ఇబ్బంది ఒక్కటే. తోలు తీయమంటే షాపాయన ఒక పక్క తీసి రెండో పక్క మర్చిపోయాడు, నేను కూడా పూసేటప్పుడు చూసుకోలేదు. ఆ పక్క తోలు చెప్పు అట్ట లెక్క అయింది, కుక్క కూడా చాలాసేపు నమిలింది. దాన్ని ఏమన్నా చేయొచ్చా, పారేయడమేనా?

కాజీపేట_జంక్షన్:

కాలినంక ఏం చేయలేం. వచ్చేసారి పచ్చిగా ఉన్నప్పుడే కత్తితో లేపి తీసి విడిగా పెట్టుకో. ఉప్పు నీళ్లలో మెత్తగా ఉడికించి, చిన్న ముక్కలు కోసి, ఎండలో ఆరబెట్టి నూనెలో వేయిస్తే పొంగుతుంది. వేడి మీదే ఆ పొడి కొంచెం చల్లు.